మూసిన గదిలో కుంపటి

మీరు అబద్ధమాడుతున్నారు. ఇది చదువుతున్న మీరే, ఆక్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు. నీళ్లాంటీ పోయిందన్న కబురు తెలిసిన దగ్గర్నుంచి ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, "నిద్రలోనే పోయిందంట, అదృష్టవంతురాలు" అని చెప్పుకుంటున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. ఆమె ఎలా పోయిందో మీలో చాలామందికి తెలుసు. తెలిసీ ఆ ఒక్క మాటా మింగేస్తున్నారు.

నేనిక మింగలేను. ఇక్కడ నడిచలికాలమైన జూలైలో, గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకున్న ఒక మంగళవారం పొద్దున, న్యూ లిన్‌లో ఒక ఇంటి పెరట్లో ఉన్న ఒంటిగదిలో ఆమె చనిపోయి కనిపించింది. మంచం పక్కన ఇటుక. ఇటుక మీద కుంపటి. కుంపటిలో బొగ్గుల బూడిద. తలుపూ కిటికీ బిగించి ఉన్నాయి. బొగ్గులు కాలేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి ఆమెను చంపింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పడుకున్న మనిషిని అది లేపదు. మీరు చెప్పుకుంటున్న ఆ చల్లని నిద్ర ఇదే.

నాకు కోపంగా ఉంది. కోపం నాకు కొత్త కాదు, ఈ పత్రికలో నా రాతలు చదివేవాళ్లకు అది తెలుసు. ఈసారి మాత్రం కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఎందుకో చెప్పే ముందు ఆమె ఎవరో చెప్పాలి. ఆమెను ఎరగనివాళ్లు కూడా ఇది చదవాలి.

ఆమె పేరు రాయను. "నా పేరు ఎక్కడా రాయకే, ఉన్న గూడు పోతుంది" అని బతికుండగా నా దగ్గర మాట తీసుకుంది. పోయాక కూడా ఆ మాట ఉంటుంది. పిల్లలందరికీ ఆమె నీళ్లాంటీ. పసిబిడ్డలకూ బాలింతలకూ నీళ్లు పోయడం ఆమె పని. ఇరవై ఏళ్ల కిందట కృష్ణా జిల్లా నుంచి భర్తతో ఇక్కడికి వచ్చింది. ఆయన ట్యాక్సీ నడిపేవాడు. ఆయన పోయాక, పిల్లలు లేని ఆమె ఈ పని పట్టుకుంది. ఊరికి ఆ చివర హాబ్సన్‌విల్‌లో కొత్త ఇళ్లు, ఈ చివర ఫ్లాట్ బుష్‌లో కొత్త ఇళ్లు. వాటి నిండా కొత్తగా కన్న అమ్మాయిలు. వీసా రాకో, ఆరోగ్యం బాలేకో వాళ్ల తల్లులు రాలేకపోయేవాళ్లు. ఆ అమ్మాయిలకు నెలరోజుల పాటు ఈమే తల్లి. రైలు దిగి బస్సెక్కి, భుజాన ఒక సంచీతో వచ్చేది. సంచీలో చెక్క పీట, నువ్వుల నూనె సీసా, సాంబ్రాణి పొట్లం, ఒక చిన్న ఇనప కుంపటి.

మా ఇంటికి ఆమె వచ్చింది పద్నాలుగేళ్ల కిందట, మా అమ్మాయి పుట్టినప్పుడు. అప్పుడు మేమూ న్యూ లిన్‌లోనే పాత చెక్క ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. గోడ మూలల్లో నల్లటి బూజు. పొద్దున లేస్తే కిటికీ అద్దం లోపలివైపు నీళ్లు కారుతుండేవి. ఆంటీ గుమ్మంలో చెప్పులు విడిచి, గది మధ్య నిలబడి, చుట్టూ చూసి అంది:

"ఏమే, ఐసుపెట్టెలో కాపురం పెట్టావా?"

"ఉన్న హీటర్ ఎంతసేపు వేసినా గది వేడెక్కట్లేదు ఆంటీ."

"ఈ గది ఎక్కడ వేడెక్కుద్ది! గదిని కాదే అమ్మడూ, మంచాన్ని వెచ్చబెట్టు. గదిలో వేడి గోడలకి పోద్ది. మంచంలో వేడి నీకుంటది."

ఆ రోజు మా పరుపును పూర్తిగా ఎత్తించింది. మేం పైన నాలుగు దుప్పట్లు కప్పుకుని, కింద ఒక్క పల్చటి గుడ్డ పరుచుకుని, చలి చలి అని ఏడుస్తున్నామని ఆమెకు నవ్వొచ్చింది. "పరుపు నీ ఒంట్లో వేడి తాగేసుద్ది. పైన ఎన్ని కప్పితే ఏం లాభం?" అంటూ రెండు దుప్పట్లు తీసి కింద పరిచింది. నా పాత నూలు చీర ఒకటి అడిగి, దాన్ని మడతలు వేసి, చేతికుట్టుతో చిన్న చిన్న సంచులు కుట్టి, బియ్యం నింపింది. కాపడం మూటలు. వాటిని మైక్రోవేవ్‌లో కాసేపు వేడిచేసి, పడుకోబోయే ముందు దుప్పటి కింద పెట్టేది. ఒకటి కాళ్ల దగ్గర, ఒకటి నడుము దగ్గర. బిడ్డ ఉయ్యాలలో కూడా ఒకటి పెట్టి, బిడ్డను వేసే ముందు తీసేసేది. "పక్క వెచ్చగా ఉండాలి గానీ బిడ్డ పక్కన ఏమీ ఉండకూడదు" అని ప్రతిసారీ, నాకు తెలిసినా సరే, చెప్పేది.

తడితలతో మంచమెక్కనిచ్చేది కాదు. "తడితలతో పడుకుంటే రాజుగారి పరుపైనా చల్లబడుద్ది." బిగుతు సాక్సులు వేసుకోనిచ్చేది కాదు. పడుకోవడానికి గంట ముందు రాగిజావ తాగించేది. ఇంట్లో అందరూ తలా ఒక గదిలో, తలా ఒక హీటర్‌తో ఉండడం ఆమెకు పిచ్చితనంగా కనిపించేది. చలి తగ్గేదాకా అందరం ఒక్క గదిలో పడుకోండి, ఆ గది తలుపు కింద సందులో పాత చీర చుట్ట పెట్టండి అని చెప్పేది. ఆ చలికాలం మేం హీటర్ పడుకునే ముందు ఒక గంట వేసేవాళ్లం, అంతే. మా అమ్మాయికి జలుబు కూడా చేయలేదు. ఇవాళ్టికీ మా ఇంట్లో పక్క ఆమె చెప్పినట్టే వేస్తాం. నాకు ఇన్ని చదువులు ఉన్నాయి, చలికి ఒళ్లు దాచుకోవడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమెకు రెండు నియమాలు ఉండేవి. వాటి దగ్గర బతిమాలినా వినేది కాదు. పొద్దున్నే పది నిమిషాలు, బయట మంచు పడుతున్నా సరే, కిటికీ తీయాలి. "రాత్రంతా వదిలిన ఊపిరి గోడలకి పట్టుకునుంటది. పొమ్మనాలి గదా." రెండోది కుంపటి గురించి. బొగ్గుల్ని పెరట్లో, మెట్ల పక్కన రాజేసేది. పొగంతా పోయి, నిప్పు ఎర్రగా అయ్యాకే లోపలికి తెచ్చేది. కిటికీ బార్లా తెరిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, నీళ్లు పోసిన బిడ్డను ఆ పొగ మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, వెంటనే కుంపటిని బయటికి పట్టుకెళ్లేది. "ఇంకాసేపు ఉంచండి ఆంటీ, వెచ్చగా ఉంది" అని ఒకసారి నేనంటే నా వైపు తిరిగి చూసింది. "నిప్పు లోపలుంటే మనం మేలుకునుండాలి. మనకి నిద్రొస్తే నిప్పు బయటికి పోవాలి" అంది. నవ్వకుండా అంది.

ఇది తెలిసిన మనిషి కుంపటి పక్కన ఎందుకు పడుకుంది? పదహారు రోజులుగా నేను నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. సమాధానంలో మొదటి ముక్క మీలో ఒకరి ఇంట్లో ఉంది. చివరి ముక్క నా చేతుల్లో ఉంది.

మూడేళ్ల కిందట ఆమె ఉంటున్న ఫ్లాట్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పుడు మన తెలుగు కుటుంబమే ఒకటి వాళ్ల పెరట్లో గది ఇచ్చింది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. చెడ్డవాళ్లేమీ కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, చెడ్డవాళ్లయితే ఇంత రాయాల్సిన పని లేదు. ముందు ఇంట్లో హాల్లో, పడకగదుల్లో వేడిగాలి కొట్టే హీట్ పంపులు. వెనక గదిలో, ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకున్న ఆ గదిలో, చక్రాల మీద నడిచే చిన్న ఆయిల్ హీటర్ ఒకటి. గోడల లోపల చలి ఆపే సరుకేమీ లేదు, కొట్టి చూస్తే డొల్ల మోత. ఈ దేశంలో అద్దెకిచ్చే ఇంటి హాల్లో గోడకు బిగించిన హీటర్ ఉండాలని చట్టం ఉంది. ఆ గదికి అద్దె కాగితమే లేదు. "ఆంటీ మా ఇంటి మనిషి, ఇంటి మనిషితో కాగితం ఏంటి అక్కా" అన్నారు. ఇంటి మనిషి కాబట్టి వాళ్ల పిల్లలు స్కూల్ నుంచి వస్తే ఆమే చూసుకునేది. శనివారాలు ఆమే వండేది. ఇంటి మనిషి కాబట్టే చలేస్తోందని అడగలేకపోయేది.

ఒక ఆదివారం ఎవరి ఇంట్లోనో భోజనాల దగ్గర ఆ ఇంటాయనతో నేను గొడవ పడ్డాను. గదిలో మనిషి ఉండే చలి కాదని, చట్టం ఇదని, మీ పిల్లల్ని ఒక్క రాత్రి అక్కడ పడుకోబెట్టగలరా అని అడిగాను. అందరూ ప్లేట్లు పట్టుకుని చూస్తున్నారు. ఆయన గొంతు పెంచలేదు.

"అక్కా, మీరు పత్రికలో రాసేవన్నీ బాగానే ఉంటాయి. ఆంటీకి మేం ఒక గది ఇచ్చాం. మీరు ఇచ్చారా?"

ఇప్పుడు మేం ఉంటున్నది ఫ్లాట్ బుష్‌లో, సొంత ఇల్లు. నాలుగో పడకగదిలో ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద ఎవరూ నడవరు, బట్టలు ఆరేస్తాం. ఆ గదికి హీటర్ ఉంది. అద్దెల మీద, ఇళ్ల మీద పేజీలకు పేజీలు రాసిన నాకు, ఆ గదిలోంచి ట్రెడ్‌మిల్ తీసేయాలని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఆ ఆదివారం తర్వాత తోచింది. తోచినా, మా ఆయనతో మాట్లాడాలి, తర్వాత చూద్దాం, ఈ చలికాలం గడవనీ అనుకున్నాను.

దానికి బదులు కిటికీ ప్లాస్టిక్ కొన్నాను.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కిటికీ చట్రం చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, పల్చటి ప్లాస్టిక్ పరిచి, హెయిర్ డ్రైయర్‌తో వేడి గాలి కొడితే అది బిగుసుకుని అద్దంలా నిలుస్తుంది. చలి లోపలికి రాదు. జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయిని తీసుకుని వెళ్లి, ఆంటీ గదిలో ఉన్న ఒకే ఒక్క కిటికీకి అది వేశాను. వెంటిలేటర్ సందులో స్పాంజి కుక్కాను. తలుపు అంచులకు రబ్బరు పట్టీ అంటించాను. ఆంటీ మంచం మీద కూర్చుని చూస్తూ వేళాకోళం చేసింది.

"కిటికీకి ప్లాస్టిక్ కప్పావేంటే, ఫ్రిజ్‌లో పెట్టే కూరలాగా!"

"వెచ్చగా ఉంటుంది ఆంటీ. హీటర్ తక్కువ వేసుకోవచ్చు."

"మరి పొద్దున్నే గాలికి తీసేదెట్లా?"

"చలికాలం అయ్యాక నేనే వచ్చి పీకేస్తాను."

"అంటే రెండు నెలలు నా ఊపిరి నేనే పీల్చుకోవాలన్నమాట" అని నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మాయి ఫొటో తీసింది. ఆ ఫొటోలో నేను హెయిర్ డ్రైయర్ పట్టుకుని, పెద్ద ఘనకార్యం చేసినట్టు నిలబడి ఉన్నాను. సరిచేయించాల్సింది గదిని. నేను సరిచేసింది ఆమెను, ఆ గదిలో ఇమిడేట్టు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మీరందరూ చేసేది కూడా ఇదే.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు నేను కూరగాయలు ఇవ్వడానికి వెళ్తే, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చదివి పెట్టమంది. ముందింటి అమ్మాయి, అంటే ఆ ఇంటాయన భార్య, పంపింది. "హాయ్ ఆంటీ, ఈసారి పవర్ బిల్ చాలా ఎక్కువొచ్చింది. మీ రూమ్‌లో హీటర్ నైట్ అంతా ఆన్‌లో ఉంటోందా? జస్ట్ చెకింగ్." చివర ఒక నవ్వు బొమ్మ.

"మంచిపిల్ల, పాపం. ఒక్కమాట గట్టిగా అన్లేదు" అంది ఆంటీ. అంటూనే వంగి, హీటర్ ప్లగ్గు పీకి, తీగ చుట్టి, దాన్ని మూలకు నెట్టింది.

"నేను మాట్లాడతాను" అన్నాను.

"నువ్వు మాట్లాడితే యుద్ధమే. వద్దులే. నాకు కాపడం మూటలున్నాయి గదా."

నేను సరే అన్నాను. ఆమె దగ్గుతోంది. కళ్లతో చూస్తూ సరే అన్నాను. ఆ వారమే చలి ఎక్కువగా పడింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ముందింటి అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి పెరట్లో అగ్నిమాపకవాళ్లు ఉన్నారు. ఏదో మీటరు పట్టుకుని గదంతా కొలిచి బయటికి వచ్చారు. తుది నివేదిక ఇంకా రాలేదు గానీ, ఆ మీటరు చూసినవాళ్ల ముఖాల్లోనే నాకు అర్థమైంది. ఒక పోలీసమ్మాయి నన్ను పక్కకు పిలిచి, బయట గడ్డి మీద పెట్టిన కుంపటిని చూపించి, ఇదేమిటని అడిగింది. కుంపటిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. చిన్న బార్బెక్యూ లాంటిది అన్నాను.

"ఇంటి లోపలా?" అంది.

"లోపలే. పసిబిడ్డలకు పొగ వేయడానికి."

"ఇక్కడ పసిబిడ్డలు లేరు కదా."

"లేరు. చలికి పెట్టుకుని ఉంటుంది."

ఆమె అది రాసుకుంది. గదిలోకి తొంగిచూసి, చేతి తొడుగు వేసుకున్న వేలితో కిటికీ ప్లాస్టిక్‌ను తాకింది. అది డప్పులా చిన్న చప్పుడు చేసింది. "దీన్ని ఎవరు వేశారు?" అని అడిగింది.

"నేను" అన్నాను.

మా ఊళ్లలో బాలింత నులక మంచం కింద నివురు కప్పిన కుంపటి పెట్టడం ఎప్పట్నుంచో ఉంది. పొగ రాదు, మంట లేదు, సన్నటి వేడి తెల్లవార్లూ ఉంటుంది. పెంకుటిళ్లలో పైకప్పు నిండా సందులే కాబట్టి ఆ గాలి ఎటో పోయేది. ఆమె తన చిన్నప్పటి ఇంటిని తలుచుకుని ఉంటుంది. పొగ లేదు కదా, నివురు కప్పాను కదా అనుకుని ఉంటుంది. లేదా కాసేపు చేతులు కాచుకుని బయట పెడదామనుకుంటూనే కళ్లు మూతపడి ఉంటాయి. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ గదికి సందులు లేకుండా చేసింది ఎవరో మాత్రం తెలుసు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది: "అమ్మా, షీ కుడ్‌న్ట్ స్మెల్ ఇట్?" వాసన ఉండదని చెప్పాను. అది లేచి వెళ్లి తన గది కిటికీ తీసుకుంది. చలిలో అలాగే కూర్చుంది. మూయమని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

అంత్యక్రియల దగ్గర మీరంతా వచ్చారు. ఆమె నీళ్లు పోసిన పిల్లలు, ఇప్పుడు నాకన్నా పొడుగ్గా ఉన్నవాళ్లు, వరసగా నిలబడి పూలు వేశారు. హాలు బయట ముందింటి అమ్మాయి నా చేయి పట్టుకుంది.

"అక్కా, ప్లీజ్. బొగ్గుల సంగతి ఇప్పుడెందుకు? ఆంటీకి చెడ్డపేరు కదా."

"ఆంటీకా, మీకా?"

"అందరికీ అక్కా. మీకు కూడా" అంది, నేల చూస్తూ.

ప్లాస్టిక్ సంగతి ఆమెకు తెలుసు. నేను చేయి విడిపించుకుని హాల్లోకి వెళ్లాను. ఆ రోజు నలుగురు నన్ను అడిగారు, ఎలా జరిగిందని. నలుగురికీ నిద్రలోనే అని చెప్పాను. మీరు అబద్ధమాడుతున్నారని మొదలుపెట్టాను కదా, నేనూ ఆడాను. మీకన్నా బాగా ఆడాను, ఎందుకంటే నా మాట నమ్ముతారు.

ఇక నా భయం సంగతి. మొన్న గురువారం, పగలు పదకొండు గంటలకు, హాబ్సన్‌విల్ నుంచి ఒక కుర్ర తండ్రి ఫోన్ చేశాడు. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో సెటిల్ అయిన దంపతులు. వాళ్ల పాపకు పదకొండు రోజులు. ఆంటీ ఆ తర్వాత నీళ్లు పోయడానికి వెళ్లాల్సింది ఆ ఇంటికే. పురుడు దగ్గరపడగానే ముందే సంచీ ఇచ్చి రావడం ఆమె అలవాటు. పీట, నూనె, సాంబ్రాణి, పనికి వాడే ఇనప కుంపటి, అన్నీ వాళ్ల ఇంట్లోనే ఉన్నాయి. గదిలో ఆమె పక్కన ఉన్నది ఇంకో పాతది.

"అక్కా, ఒక్క డౌట్. ఆంటీ లేరు కదా, మేమే సాంబ్రాణి వేద్దామని కుంపటి వెలిగించాం. ఆంటీ గుర్తుగా ఉంటుందని. బార్బెక్యూ బొగ్గులే వేశాం. ఒక గంట నుంచీ రూమ్ సూపర్ వెచ్చగా ఉంది, హీటర్ కూడా ఆపేశాం. ఇది రాత్రంతా ఉంచుకోవచ్చా?"

"ఎక్కడ పెట్టారు?"

"బెడ్‌రూమ్‌లో. పాపకి చలి తగలకూడదని తలుపేశాం."

"పాపని ఎత్తుకుని బయటికి రండి. ఇద్దరూ. ఇప్పుడే."

"బయట బాగా చలి అక్కా…"

"చలిలోకే రా! ముందు బయటికి రా, తర్వాత అడుగు!"

బయటికి వచ్చాక అంబులెన్స్‌కి ఫోన్ చేయించాను. నేను కారెక్కాను. ఫ్లాట్ బుష్ నుంచి హాబ్సన్‌విల్‌కి మోటర్‌వే మీద ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, దారి పొడుగునా, పాప కదులుతోందా, పాప ఏడుస్తోందా అని అడుగుతూనే ఉన్నాను. ఒకచోట ట్రాఫిక్ ఆగింది. అప్పుడే లైన్ కట్ అయింది. మళ్లీ కలవడానికి మూడుసార్లు చేయాల్సి వచ్చింది. నాలుగో రింగుకి పాప ఏడుపు వినిపించింది. పసిబిడ్డ గొంతు చించుకుని ఏడుస్తుంటే స్టీరింగ్ మీద తల పెట్టి దండం పెట్టుకున్నాను. నేను, ఏ దేవుణ్ణీ నమ్మని దాన్ని.

నేను చేరేసరికి అంబులెన్స్ వాళ్లు పరీక్ష చేస్తున్నారు. పాప తల్లి పేవ్‌మెంట్ మీద నిలబడి ఉంది, చెవుల్లో దూది, తలకు స్కార్ఫ్, కాళ్లకు చెప్పులు లేవు. "ఇందాకట్నుంచీ తల పగిలిపోతోందక్కా, నిద్ర లేక అనుకున్నా" అంది. తల్లినీ బిడ్డనూ ఆస్పత్రికి తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉంచి, పర్లేదని పంపించారు. పర్లేదు. ఈసారికి.

అంబులెన్స్ ఎక్కబోతూ ఆ అమ్మాయి నన్ను అడిగింది, తిట్టినట్టు కాదు, నిజంగా అర్థంకానట్టు:

"ఆంటీ నిద్రలో పోయారని మీరే కదక్కా చెప్పారు?"

అవును. ఆ నలుగురిలో ఆమె భర్త ఒకడు.

అందుకే నాకు భయం. నీళ్లాంటీ నీళ్లు పోసిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పలేను. ప్రతి ఇంట్లోనూ ఆమె మంచం వెచ్చబెట్టడం నేర్పింది. ప్రతి ఇంట్లోనూ కుంపటి చూసినవాళ్లు ఉన్నారు, ఆమె దాన్ని వెంటనే బయటికి పట్టుకెళ్లడం చూడనివాళ్లు కూడా ఉన్నారు. ఇంకా ఆగస్టు మొత్తం ఉంది. ఏ ఇంట్లో ఎవరు తలుపు సందులో చీర చుట్ట పెట్టి, ఆమెను తలుచుకుంటూ బొగ్గులు రాజేస్తున్నారో నాకు తెలియదు. మనం మర్యాదగా దాచిన ఒక్క మాట, ఇంకో ఇంట్లో ఇంకో ప్రాణం తీసేలా ఉంది.

కాబట్టి బతిమాలడం లేదు. అడుగుతున్నాను.

ఆమె నిద్రలో పోయిందని ఎవరికైనా చెప్పి ఉంటే, ఇవాళే ఫోన్ చేసి, మూసిన గదిలో బొగ్గుల గాలికి పోయిందని చెప్పండి.

బొగ్గుల కుంపటి, బార్బెక్యూ, ఏదైనా సరే, గదిలోకి, గరాజ్‌లోకి తేకండి. కిటికీ తెరిచినా తేకండి. ఐదు నిమిషాలకైనా తేకండి. ఆంటీ తెచ్చేది కదా అనకండి.

సాంబ్రాణి వేయాలనుకుంటే పెరట్లో వేసి, చేతులు కడుక్కుని లోపలికి రండి. బిడ్డకు పొగ అక్కర్లేదు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని ప్రతి పడకగదిలో పెట్టండి. నూలు చీర, బియ్యం ఉంటే కాపడం మూటలు కుట్టుకోండి.

పెరటి గదిలో, గరాజ్‌లో మనిషిని ఉంచుకున్నవాళ్లు గోడకు హీటర్ బిగించండి, కాగితం రాయండి. బిల్లు మెసేజ్ పంపే ముందు ఆ గదిలో మీరు ఒక రాత్రి పడుకోండి.

ఖాళీ గది ఉన్నవాళ్లు, నాలాంటివాళ్లు, అందులో సామాను తీసేసి మనిషిని పిలవండి. చలికాలం గడిచాక కాదు.

ఇది చదవడం ఆపి, లేచి, పక్కగదిలో పడుకున్నవాళ్లను పేరు పెట్టి పిలవండి. పలికేదాకా పిలవండి.